నోట రాని పేరు

చక్కెర డబ్బా బల్ల మధ్యలో ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు.

మా కోడలు సైరా రొట్టె తెచ్చి పెట్టింది. వెన్న పెట్టింది. నాకు పాలు పోసిన టీ ఇచ్చింది. నా కూతురు కనిషాయ్ ముందు కూడా ఒక గిన్నె టీ పెట్టింది గాని ఆమె మొహం చూడలేదు. రోజూ అడిగే మాట అడగలేదు. "తీపిది వెయ్యనా?" అన్న ఆ ఒక్క మాట లేకపోయేసరికి ఆదివారం పొద్దున మా వంటిల్లు పరాయి ఇల్లులా ఉంది.

నేనే డబ్బా దగ్గరికి లాక్కుని వేసుకున్నాను. కూతురికి వెయ్యబోతే గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు అతా." అతా అంటే నాన్న.

"చప్పగా తాగుతావా?"

"తాగుతాను."

నా పేరు షెకెర్‌బెక్. షెకెర్ అంటే చక్కెర. కోడలు మామగారి పేరు పలకకూడదు, ఆ పేరులో దాగున్న మాటా పలకకూడదు. మా కిర్గిజ్ పెద్దల నాటి పద్ధతి ఇది. పట్నంలో చాలా ఇళ్లలో పోయింది, మా ఇంట్లోనూ పోయేదే. సైరా కాపురానికి వచ్చిన కొత్తలో నా భార్య బురుల్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చదువుకున్నదానివి, ఇవన్నీ నీకెందుకు, హాయిగా చక్కెర అను, అని చెప్పింది. సైరా బుద్ధిగా తల ఊపింది. మర్నాడు పొద్దున "తీపిది ఎక్కడ పెట్టారు అపా?" అని అత్తగారిని అడిగింది.

బురుల్ కాలం చేసింది. తీపిది మాత్రం తీపిదిగానే ఉండిపోయింది. సైరా బళ్లో కెమిస్ట్రీ చెబుతుంది. అక్కడ చక్కెర అనాల్సి వస్తే సుక్రోజ్ అంటుందట. పిల్లలు ఆమెకే ఆ పేరు పెట్టారని ఆమె భర్త, మా అబ్బాయి ఉలాన్ ఒకసారి చెప్పి, రాత్రి భోజనం లేకుండా పడుకున్నాడు.

తీపిది అన్న ఆ మాటే నిన్న ఇంట్లో గొడవ తెచ్చింది.

నిన్న టీ దగ్గర సైరా ఎప్పటిలాగే అడిగింది. కనిషాయ్ చేతిలో రొట్టెముక్క నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ అను జెనే, అంది. జెనే అంటే అన్న భార్య. సైరా మళ్లీ అంది. కనిషాయ్ రొట్టెముక్క కింద పెట్టేసింది. కాసేపటికి తల పట్టుకుని, "నిన్ను ఆసుపత్రికి తెచ్చి మా ముందు కూర్చోబెట్టినా మేం పిచ్చి అనే రాసేవాళ్లం" అంది.

తన్ను తాను తిట్టుకుందని నాకు అర్థమైంది. సైరాకు వేరుగా అర్థమైంది.

జిపార్ గురించి మా ఇంట్లో నెల దాటి వింటున్నాం. కొండల్లో ఒక ఊరి కోడలు. మొన్న శరదృతువులో అత్తవారి గడ్డివాముకు నిప్పు పెట్టింది. లోపల కట్టేసిన గుర్రాన్ని విప్పబోయి బావగారి చేతులు రెండూ కాలాయి. ఆమెను ఆసుపత్రికి పంపి కోర్టు అడిగింది ఒకటే: అగ్గిపుల్ల గీసినప్పుడు తానేం చేస్తోందో ఆమెకు తెలుసా, తెలియదా? తెలిస్తే జైలు. తెలియకపోతే వైద్యం.

ఆమెను పరీక్షించింది శిక్షణలో ఉన్న ఆరుగురు డాక్టర్లు. ఆ ఆరుగురిలో పెద్ద మా కనిషాయ్. నివేదిక పెద్ద డాక్టర్ల కమిషన్‌కు వెళ్లిపోయింది. సోమవారం పొద్దున సంతకాలు.

నివేదికలో అన్నిటికంటే గట్టి రుజువు జిపార్ మాటలే. గొడ్డలిని ఆమె "కోసేది" అంటుంది. ఇనుమును "గట్టిది" అంటుంది. గొర్రెపిల్ల "మే మే అనేది". తనకు తాను కల్పించుకున్న మాటలు, లోకంతో తెగిపోయిన భాష, జబ్బుకు గుర్తు, అని వీళ్లు రష్యన్‌లో శుభ్రంగా రాసి పంపారు. ఆ ఇంట్లోవాళ్ల పేర్లకూ ఈ మాటలకూ సంబంధం ఉందేమోనని ఒక్కరూ చూడలేదు.

"ఇన్నేళ్లుగా నా మాట నీ చెవిన పడుతూనే ఉంది తెల్లమ్మాయీ," అంది సైరా ఇప్పుడు, బల్ల తుడుస్తూ. ఆడపడుచు పేరు కూడా ఆమె పలకదు. కాపురానికి వచ్చిన రోజు కనిషాయ్ తెల్ల గౌను వేసుకుని ఎదురొచ్చింది గనక తెల్లమ్మాయి అయింది. "ఒక్కనాడైనా విన్నావా?"

కనిషాయ్ చప్పటి టీ తాగింది.

తలుపు గంట మోగింది.

వచ్చింది ఎర్నిస్త్, జానిల్. ఇద్దరూ ఆ ఆరుగురిలోని వాళ్లే. ఎర్నిస్త్ పొడుగ్గా, భుజాలు వంచుకుని ఉంటాడు. పట్నంలో పుట్టి రష్యన్ బడిలో చదివినవాడు. కిర్గిజ్ మాట్లాడేటప్పుడు బురదలో నడుస్తున్నట్టు ప్రతి మాటా చూసుకుని వేస్తాడు. జిపార్ మాటలు విని రాసుకున్నది అతనే. జానిల్ పొట్టి పిల్ల, గొంతు మాత్రం పెద్దది. కమలాల సంచీ నా చేతికిచ్చి, మా ప్రెసిడెంటుగారు లేచారా బాయ్‌కె, అని కనిషాయ్ గురించి అడిగింది. బాయ్‌కె అంటే పెద్దన్నయ్య. నా వయసుకు అది పెద్ద బహుమతి.

ఫోన్లో విషయం ముందే తెలిసినట్టుంది. కూర్చోగానే జానిల్ మొదలుపెట్టింది. మాటలు పద్ధతే కావచ్చు, కాని ఆ పిల్లకు జబ్బు ఉందని నాకు నమ్మకం, అంది. తిండి తినదు, నిద్రపోదు, గోడవైపు తిరిగి కూర్చుంటుంది. రుజువు తప్పైనా తీర్పు ఒప్పే. ఇప్పుడు మనం వెళ్లి రుజువు పీకేస్తే మిగిలేదేమిటి? అన్నదమ్ముల మధ్య గడ్డి వాటా తగాదా, నిప్పు, జైలు. ఆమెకు పాలుమానని బిడ్డ ఉంది.

"కదిపితే కూలేది ఆమె కొంప. నీది కాదు," అంది కనిషాయ్‌తో.

"మనం కదపకపోతే అవతలి లాయరు కదుపుతాడు. ఆ ఊరి ముసలమ్మను ఒక్కరిని తెచ్చి నిలబెడితే చాలు. నవ్వి చెబుతుంది."

"తెస్తే చూద్దాం."

"అప్పుడు నివేదికంతా పోతుంది. ఆమెతో సహా."

జానిల్ ఒక కమలాపండు తీసి వొలవడం మొదలుపెట్టింది. తొనలు వేరుచేసి అందరికీ పంచింది, కనిషాయ్‌కి కూడా. కోపంలోనూ పంచడం మానని పిల్ల. నాకు ముచ్చటేసింది.

ఎర్నిస్త్ తన తొన బల్లమీద పెట్టేశాడు. తప్పు నాది, అన్నాడు. రేపు నేనే కమిషన్ ముందు చెబుతాను, రాసింది నేను, నన్ను తీసేస్తే తీసేస్తారు.

"నువ్వు విన్నావు," అంది కనిషాయ్. "తప్పుగా విన్నావు గాని విన్నావు. నేను అసలు వినలేదు. చెప్పింది రాసినవాడిదే తప్పైతే నేను మీకు పెద్దగా ఉన్నది దేనికి?"

తర్వాత చాలాసేపు ఆమే మాట్లాడింది. పని పంచింది తానేనంది. ఒకరికి జిపార్ నిద్ర, ఒకరికి చిన్నతనం, ఒకరికి జ్ఞాపకశక్తి, ఎర్నిస్త్‌కు మాట. గోడకు పట్టిక అంటించింది. ఎవరి గడి వాళ్లు నింపారు. ఇంత చక్కగా నడిచే జట్టును చూడలేదని పై డాక్టర్లు మెచ్చుకుంటే ఇంటికొచ్చి నాకు చెప్పుకుంది. ఆ రోజు నేను కేకు కొన్నాను.

"ఆరుగురం కలిసి ఆమెను ఆరు ముక్కలుగా పంచుకున్నాం అతా," అంది నావైపు తిరిగి. "మనిషితో ఎవరం కూర్చోలేదు."

పొయ్యి దగ్గర సైరా మాకు వీపు పెట్టి బోర్సోక్‌లు వేయిస్తోంది. పిండిముక్కలు నూనెలో చిటపటమంటూ పొంగుతున్నాయి. ఆమె జల్లెడగరిటెతో తీసి, మొదటి వాయి తెచ్చి ఎర్నిస్త్ ముందు పెట్టింది. కాలుతాయి జాగ్రత్త అంది. వెళ్లిపోలేదు. నిలబడింది.

"ఆ అమ్మాయి ఏమంది? ఉన్నది ఉన్నట్టు చెప్పు. రష్యన్‌లో కాదు."

ఎర్నిస్త్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తనకు గుర్తున్నంతవరకు, బురదలో అడుగులు వేస్తున్నట్టే, చెప్పాడు. ఆ రోజు పొద్దున కోసేది తీసుకుని కట్టెల కోసం వెళ్లిందట. మే మే అనేవి బయట ఉన్నాయట. గట్టిదాని తలుపు తెరిచి ఉందట.

"ఆమె మామగారి పేరు తెమిర్ అయ్యుంటుంది," అంది సైరా. తెమిర్ అంటే ఇనుము. "ఆ ఇంట్లో తాతగారెవరో బల్తా." బల్తా అంటే గొడ్డలి. "కాలినాయన పేరు?"

"కొజుబెక్," అన్నాడు ఎర్నిస్త్.

"కొజు. గొర్రెపిల్ల. అన్నీ సరిపోయాయి." సైరా వంటగుడ్డతో చేతులు తుడుచుకుంది. "ఒక్క మాట కూడా కల్పించలేదు. మంచి కోడలు. నాకంటే మంచిది. నేను ఇంటి బయట సుక్రోజ్ అంటూ దాటేస్తాను. ఆమె మిమ్మల్ని చూసి కూడా దాటెయ్యలేదు."

ఎర్నిస్త్ తల వంచుకున్నాడు. ముందున్న బోర్సోక్ ముట్టుకోలేదు. సైరా ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. తిను, అంది, నిన్ను తిట్టడానికి చెప్పలేదు.

జానిల్ నిట్టూర్చింది. అయితే అయిపోయింది, అంది. రుజువు లేదు. రేపు తీసేస్తే జైలే.

"ఇంకేమంది?" అంది సైరా.

"అంతే ఎజె," అన్నాడు ఎర్నిస్త్. ఎజె అంటే అక్క. "తర్వాత నిప్పు పెట్టిన సంగతి. తెమిర్ చెప్పాడు, ఎండిందంతా ముట్టించెయ్ అన్నాడు, అంది. అక్కడ ఆపేసింది."

సైరా చేతిలో జల్లెడగరిటె కిందికి దిగింది. నూనె బొట్లు నేలమీద పడ్డాయి. ఇల్లు అద్దంలా పెట్టుకునే మనిషి, చూసుకోలేదు.

"ఎవరు చెప్పాడంది?"

"మామగారు."

"అది నువ్వంటున్నావు. ఆమె ఏమంది?"

"తెమిర్."

"అలాగే? నోటితో?"

"అలాగే," అన్నాడు ఎర్నిస్త్, తానేం తప్పు చేశాడో తెలియక బిక్కచచ్చి. "ఆయన నిప్పు పెట్టడానికి ముందు చలికాలంలోనే చనిపోయాడు. అందుకని నివేదికలో 'మామగారు గతంలో చెప్పారని' అని రాశాను. పేరు రాస్తే పొడిగా ఉంటుందని… మామగారు అంటే మర్యాదగా ఉంటుందని."

కనిషాయ్ లేచి నిలబడింది.

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఇనుము అన్న మాటే నోట రాని కోడలు, ఇనప తలుపును కూడా గట్టిదాని తలుపు అనే కోడలు, మామగారి పేరును మామూలు పేరులా పలికింది. ఆమె దాచిపెట్టిన మాటల్ని వీళ్లు జబ్బు అన్నారు. ఆమె బయటపెట్టిన మాటను మర్యాద కప్పి మూసేశారు.

"జెనే," అంది కనిషాయ్ మెల్లగా. "నువ్వు అతా పేరు ఎప్పుడు అంటావు?"

"అనను."

"ఎలాంటప్పుడు అనగలవు? నన్ను తిట్టు, కొట్టు, కాని చెప్పు."

సైరా పొయ్యి మంట తగ్గించింది. తిరిగి వచ్చి, నిన్నటినుంచి మొదటిసారి, ఆడపడుచు ఎదురుగా కూర్చుంది.

"రెండే రెండుసార్లు," అంది. "ఈ ఇంటితో నాకిక పొత్తు లేదని తేల్చుకుని గడప దాటేరోజు అంటాను. వీధిలో నిలబడి, అందరూ వినేట్టు, అది తిట్టుకంటే ఎక్కువ. లేదంటే, నేను నేనుగా లేని రోజు. అప్పుడేమంటానో నాకు మాత్రం ఏం తెలుసు?"

జానిల్ ఈసారి గొంతు తగ్గించి అడిగింది. మొదటిది అయితే ఆమెకు అన్నీ తెలిసే చేసినట్టు. రెండోది అయితే తెలియక. "ఏది ఎజె?"

"నన్నడుగుతావేం? ఆ అమ్మాయికి నోరు ఉంది కదా."

ఒకే మాట. దాని మీదుగా జైలుకూ వెళ్లొచ్చు, ఆసుపత్రికీ వెళ్లొచ్చు. ఆ మాట జిపార్ నోట ఎలా వచ్చిందో తెలిసినవాళ్లు లోకంలో ఒక్కరే, ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది.

జానిల్ ఇంకోసారి ప్రయత్నించింది. అడిగితే మొదటిదే అని తేలితే? నీ చేత్తో నువ్వే జైలుకు పంపినట్టవుతుంది.

"అవుతుంది," అంది కనిషాయ్. "తెలియకుండా కాపాడానని చెప్పుకునేకంటే అదే నయం. రేపు కమిషన్‌కంటే ముందు వెళ్లి ఆమెతో కూర్చుంటాను. తర్వాత ఏదైనా గాని, మాటల గురించి మనం రాసింది తప్పని చెబుతాను. మీరెవరూ మాట్లాడనక్కర్లేదు."

"ఏడుపుమొహం పెట్టి త్యాగం చెయ్యకు, చూడలేను," అంది జానిల్. కాని లేచి వెళ్లేటప్పుడు తలుపు పక్కన వేలాడుతున్న కనిషాయ్ కోటు కాలరు సరిచేసి, రేపు ఇది వేసుకోకు, నీలంది వేసుకో, మనిషిలా కనిపిస్తావు, అంది.

వాళ్లు వెళ్లాక కనిషాయ్ ఒక వింత కోరిక కోరింది. ఒక్కసారి అతా పేరు పలుకు జెనే, అంది. ఎలా వస్తుందో, నోరు ఎక్కడ తడబడుతుందో చూస్తాను, రేపు నాకు పనికొస్తుంది.

సైరా తల అడ్డంగా ఊపింది.

నేను అనుమతి ఇస్తున్నానమ్మా అన్నాను. నిండు మనసుతో ఇస్తున్నానన్నాను.

"మీరు ఇస్తారు అతా. నా నాలుక ఇవ్వాలి కదా," అంది. నవ్వబోయి ఆపుకుంది. కనిషాయ్ ఆపుకోలేకపోయింది. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చుని కాసేపు నవ్వారు. తర్వాత కనిషాయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సైరా డబ్బా మూత తీసి, ఆమె గిన్నెలో ఒక చెంచా వేసి, కలిపి, ముందుకు జరిపింది.

కనిషాయ్ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.

*

సోమవారం పొద్దున నా పాత జిగులీ కారు ఒక్కపట్టున స్టార్టయింది. దాన్ని కూడా ఇంట్లో మనిషిగానే లెక్కపెట్టాలి.

కనిషాయ్ నీలం కోటు వేసుకుంది. సైరా బడికి ఫోన్ చేసి రెండు క్లాసులు వేరే టీచరుకు అప్పజెప్పి, ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చి వెనకసీట్లో కూర్చుంది. ఎందుకు వస్తున్నావని మేం అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర కనిషాయ్ దిగి, అద్దంలోంచి మమ్మల్ని ఒకసారి చూసి, లోపలికి వెళ్లిపోయింది. మేం పోప్లార్ చెట్ల వరస పక్కన కారు ఆపుకుని కూర్చున్నాం. కొమ్మలమీది మంచు కరిగి కారు పైకప్పు మీద టప్ టప్‌మని పడుతోంది.

సైరా నాకు ఫ్లాస్కు మూతలో టీ పోసింది. "తీపిది వెయ్యనా అతా?" అని ఎప్పటిలా అడిగింది. నా మనసు కుదుటపడింది.

"మీకొకటి చెప్పనా అతా," అంది కాసేపటికి. "అపా నన్ను ఇవన్నీ వద్దంది. కాని ఆవిడ ఒక్కనాడైనా బేషెంబి అనడం మీరు విన్నారా?"

బేషెంబి అంటే గురువారం. మా నాన్న పేరు బేషెన్.

నేను ఆలోచించాను. బురుల్ గురువారాన్ని ఏమనేది? గ్యాసు గురువారం వస్తుంది అనాల్సినప్పుడు ఏమనేది? శుక్రవారం ముందురోజు. జీవితమంతా. మా నాన్న పోయాక కూడా. పక్కనే ఉండి నేను దాన్ని ఆమె మాటతీరు అనుకున్నాను.

"అది విన్నాకే నేను తీపిది అన్నాను," అంది సైరా. "పద్ధతికని కాదు. ఆవిడ అంత నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా మిమ్మల్నందర్నీ మోస్తుంటే చూసి."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బురుల్ గురించి కొత్త సంగతి ఇంకా ఒకటి మిగిలి ఉందని అనుకోలేదు.

ఎర్నిస్త్ కోటు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. కారు తలుపు తీసి సగం లోపలికి వంగి చెప్పాడు. ఊపిరి అందక, కిర్గిజ్ రష్యన్ కలిపేశాడు.

కనిషాయ్ జిపార్‌తో గంటసేపు కూర్చుందట. ఏమీ అడగలేదట. మా జెనే మా నాన్న పేరు పలకదు, చక్కెరను తీపిది అంటుంది, అని మాత్రం చెప్పిందట. జిపార్ గోడవైపునుంచి మొహం తిప్పి, ఎవరి కోడలు, ఏ ఊరు, అని అడిగిందట. ఇన్ని వారాల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న. అక్కణ్ణుంచి మాట కలిసింది. చివరికి కనిషాయ్, మరి నువ్వు మీ మామగారి పేరు అన్నావట కదా, అంది. జిపార్ భయంతో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనెలా అంటాను అంది," అన్నాడు ఎర్నిస్త్. "ఆయనే చెప్పుకున్నాడు అంది. నేనే తెమిర్‌ని, విను, అన్నాడట. 'నా నోరు వాడుకున్నాడు, నేను అనలేదు, ఎవరికీ చెప్పకండి' అంది."

సైరా ఫ్లాస్కు మూత బిగించింది. చాలా నెమ్మదిగా, అంచు దాకా.

తర్వాత కమిషన్ ముందు కనిషాయ్ లేచి, మాటల గురించి రాసింది తప్పు, ఆ బాధ్యత నాది, అందట. 'మాది' అనలేదు, 'నాది' అంది. అప్పుడు ఎర్నిస్త్ లేచాడు. అతని వెనక, తిట్టుకుంటూ, జానిల్ లేచింది. మిగిలినవాళ్లూ లేచారు. అధ్యక్షురాలు ఎమ్మా సెర్గేయెవ్నా కిమ్, తలనెరిసిన కొరియన్ ఆవిడ, కళ్లజోడు బల్లమీద పడేసి, కూర్చోండి, ఇది పెళ్లి ఊరేగింపు కాదు, అందట. పొద్దున విన్నదంతా మళ్లీ చెప్పించుకుందట.

చిక్కు అక్కడ వచ్చింది. కమిషన్‌లో ఇంకో పెద్దాయన, గదిలో మీరొక్కరే ఉన్నారు, ఆ మాట ఆమె అందో, మీరు అందించారో, అన్నాడు. కోడలు పేరు పలకడం అంత పెద్ద విషయమా, ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారు, అన్నాడు. ఎమ్మా సెర్గేయెవ్నా కొంచెం ఆలోచించి, పాటించేవాళ్లను ఒక్కరిని చూపించండి, అందట. సాక్ష్యానికి కాదు. జిపార్‌ను మళ్లీ అందరి ముందు వినాలా, లేక ఇప్పుడే సంతకం పెట్టి జైలుకు పంపాలా అని తేల్చుకోవడానికి.

"మీరు రావాలి ఎజె," అన్నాడు ఎర్నిస్త్. "నేను పైకి వెళ్లి సంతకాలు ఆపుతాను. గేటు దగ్గర పాసు రాయించుకుని రెండో అంతస్తుకు రండి. త్వరగా."

వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు.

సైరా తలకు రుమాలు సరిచేసుకుంది. దిగింది. నేనూ తలుపు పిడి మీద చెయ్యి వేశాను.

"మీరు కూర్చోండి అతా."

"పాసు నేను రాయిస్తానమ్మా."

"వద్దు," అంది. "పైన అడిగేదీ ఈ పేరు సంగతే కదా. అక్కడా నేనే మాట్లాడాలి."

గేటు పక్కన కాపలా గది. చిన్న కిటికీ. లోపల లావుపాటి మనిషి, పెద్ద మీసాలు, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ ఉన్నాడు. నా కిటికీ అద్దం సగం దించి ఉంది గనక మాటలన్నీ వినపడుతున్నాయి.

ఎవరి దగ్గరికి, అని అడిగాడు.

"డాక్టర్ దగ్గరికి. మా ఆడపడుచు."

"పేరు?"

సైరా ఒక్క క్షణం ఆగింది. "తెల్లమ్మాయి," అంది.

అతను నమలడం ఆపాడు. "ఆ పేరుతో మాకు డాక్టరెవరూ లేరు చెల్లెమ్మా. రోగులు కావాలంటే చాలామంది ఉన్నారు."

"నీలం కోటు. పొద్దునే వెళ్లింది. ఆరుగురికి పెద్ద."

"పెద్దయితే పేరుంటుంది. ఇంటిపేరు చెప్పు. అది లేకుండా నేను గేటు కర్ర ఎత్తను."

నా కూతురి పూర్తి పేరు కనిషాయ్ షెకెర్‌బెకొవా. రెండో మాటలో మొదటినుంచి చివరిదాకా నేనే ఉన్నాను.

నేను దిగి వెళ్లి చెప్పొచ్చు. పాతిక అడుగులు కూడా ఉండదు. పిడి మీద చెయ్యి ఇంకా ఉంది. కాని ఆమె నన్ను కూర్చోమంది. ఇంటితో పొత్తు తెంచుకునే రోజు ఇది కాదు. తాను తానుగా లేని రోజు అసలే కాదు. నిన్న చెప్పిన రెండింట్లో ఏదీ కాని రోజును ఆమె తనంతట తాను మొయ్యడానికి వెళ్లింది.

పై అంతస్తులో ఒక కిటికీ తెరుచుకుంది. జానిల్ తల బయటికి పెట్టి కిందికి చూసి, చెయ్యి ఊపింది. త్వరగా అన్నట్టు.

సైరా కిటికీ దగ్గర నిలబడి ఉంది. కాపలా మనిషి పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. ఆమె వెనక్కి తిరిగి కారువైపు, నావైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. క్షమాపణ కాదు. నేను వింటున్నానా అని.

నేను పిడి మీంచి చెయ్యి తీశాను. కిటికీ అద్దం పైదాకా ఎక్కించాను. మొహం అవతలికి తిప్పి, కరుగుతున్న పోప్లార్ కొమ్మల్ని చూస్తూ కూర్చున్నాను.